పిల్లల గది ఎవరి ఎత్తుకు?



కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నవాళ్లు, పాపకో బాబుకో ఇక విడిగా మంచం వేద్దామనుకుంటున్నవాళ్లు పీటీఎంకి వచ్చినప్పుడు మా ప్రీ ప్రైమరీ టీచర్లను తరచూ అడిగే మాట ఒకటుంది. “మేడమ్, చిన్నపిల్లల గదికి ఎలాంటి మంచం తీసుకోవాలి? కప్‌బోర్డులు ఎలా చేయించాలి?” హ్యాండ్‌రైటింగ్ గురించో, ఫోనిక్స్ గురించో అడిగినంత ముఖ్యమైన ప్రశ్నలా ఇది కనిపించకపోవచ్చు. కానీ మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉన్న పిల్లల విషయంలో ఇది చిన్న ప్రశ్న కాదు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. 3–4 ఏళ్ల పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క కూడా ఇదే. అంటే రోజులో దాదాపు సగం ఆ మంచం మీదే గడుస్తుంది. పైగా కార్పెంటర్ చేత ఒకసారి గోడకు బిగించి చేయించిన పనిని మళ్లీ ఊడదీసి మార్చేవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వయసు పిల్లల గదికి ఏ వస్తువు కొంటున్నా దాన్ని మీ బిడ్డ ఎత్తుతో కొలవండి. మంచం తనంతట తాను ఎక్కి దిగేలా ఉండాలి. బట్టలు, బొమ్మలు, పుస్తకాలు తన చేతికి అందాలి. తన మీద పడే వస్తువు, తను లోపల ఇరుక్కుపోయే వస్తువు ఆ గదిలో ఉండకూడదు. రంగు, థీమ్, గోడ మీద కార్టూన్ బొమ్మ, ఎల్‌ఈడీ లైట్లు, ఇవన్నీ ఆ తర్వాత.

బడిలో చేసే పని ఇంట్లో ఎందుకు చేయరు?

పీపీ-1 పిల్లలు పొద్దున క్లాసులోకి రాగానే ఏం చేస్తారో ఎప్పుడైనా చూశారా? షూస్ విప్పి తమ అరలో పెడతారు. బ్యాగు కొక్కేనికి తగిలిస్తారు. వాటర్ బాటిల్ వరుసలో పెడతారు. ఆడుకున్న బ్లాకులు మళ్లీ అదే డబ్బాలో వేస్తారు. మూడున్నరేళ్ల పిల్లలు, ఎవరూ బతిమాలకుండానే ఇదంతా చేస్తారు. ఈ మాట చెబితే చాలామంది తల్లులు నమ్మరు. “ఇంట్లో అయితే ఒక్క వస్తువు కూడా తీసినచోట పెట్టడు మేడమ్” అంటారు.

ఇద్దరూ ఒక్క పిల్లాడే. తేడా ఫర్నిచర్‌లో ఉంది. క్లాసులో కొక్కెం వాడి భుజం ఎత్తులో ఉంటుంది. ఇంట్లో హ్యాంగర్ రాడ్ నాన్న తల ఎత్తులో ఉంటుంది. క్లాసులో బొమ్మలకు మూతలేని డబ్బాలు. ఇంట్లో పై అరలో జిప్ బ్యాగు. మూడేళ్ల పిల్లల ఎత్తు సుమారు మూడు అడుగుల పైచిలుకు. నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉన్న రాడ్‌కు వాళ్లు బట్టలు తగిలించాలంటే స్టూలెక్కాలి. స్టూలెక్కితే మనం అరుస్తాం. అందుకని అడగడం నేర్చుకుంటారు. “అమ్మా, అది తీసివ్వు.” ఆ మాట రోజుకు ఇరవై సార్లు వినిపిస్తుంటే తప్పు పిల్లలది అనుకోకండి.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1907లో రోమ్‌లోని ఒక పేద కార్మికుల వాడలో మరియా మాంటిస్సోరి మొదటి ‘పిల్లల ఇల్లు’ తెరిచినప్పుడు, ఆమె పట్టుబట్టి చేసిన పనుల్లో ఒకటి పిల్లల కొలతలకు సరిపోయే బల్లలు, కుర్చీలు, కింద అరలు పెట్టించడం. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. అందుకే మన దగ్గర నర్సరీ అనగానే చిన్న కుర్చీలు, చిన్న అరలు గుర్తొస్తాయి. ఆ ఆలోచన క్లాసు గడప దగ్గరే ఆగిపోయింది. ఇంట్లోకి ఇంకా రాలేదు.

మంచం ఎంత ఎత్తు?

నాలుగేళ్ల పాప మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, లేదా దాదాపు ఆనాలి. అలా ఉండాలంటే పరుపుతో కలిపి మంచం ఎత్తు అడుగు నుంచి అడుగుంపావు దాకా ఉంటే చాలు. మామూలు పెద్దల మంచం పరుపుతో కలిపి అడుగున్నర దాటుతుంది. స్టోరేజ్ ఉన్న మంచం మీద ఎనిమిది అంగుళాల పరుపు వేస్తే రెండు అడుగులకు చేరుతుంది. నిద్రలో దొర్లి అడుగు ఎత్తు నుంచి పడితే కాసేపు ఏడుస్తారు. రెండు అడుగుల నుంచి గ్రానైట్ ఫ్లోరింగ్ మీద పడితే సంగతి వేరు. అంతకంటే ముఖ్యం, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలనిపిస్తే తక్కువ ఎత్తు మంచం దిగి తనంతట తానే వెళ్లగలదు. పక్క తడపడం ఆగని పిల్లలకు ఇది చిన్న సాయం కాదు.

సైజు విషయంలో భయపడకండి. మన షాపుల్లో సులువుగా దొరికే 72 x 36 అంగుళాల సింగిల్ కాట్ టీనేజ్ దాకా సరిపోతుంది. చిన్నపిల్లల కోసమని కారు ఆకారంలోనో, కోట ఆకారంలోనో చేసిన మంచాలు కొంటే, రెండు మూడేళ్లలో పరుపు పొట్టిదైపోతుంది, బొమ్మ మీద మోజు అంతకంటే ముందే పోతుంది. సాదా సింగిల్ కాట్, పొట్టి కాళ్లు. కాళ్లు తర్వాత మార్చుకునేలా కార్పెంటర్‌ను అడిగితే మరలతో బిగించి ఇస్తారు. పిల్లలు పెరిగాక పొడుగు కాళ్లు వేయించుకోవచ్చు.

పరుపును నేరుగా నేల మీద వేసేద్దామా అని కొందరు అడుగుతారు. మన వాతావరణంలో వద్దంటాను. వానాకాలంలో నేల చెమ్మ పరుపు అడుగున చేరి బూజు పడుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ అయితే చీమలు కూడా. కింద పట్టీల మధ్య గాలి ఆడేలా నాలుగైదు అంగుళాల ఎత్తు ఉన్నా చాలు. మన పాత నవారు మంచాల్లో, నులక మంచాల్లో ఉన్న సుఖం ఈ గాలే.

మంచాన్ని గోడకు చేర్చి వేస్తే సందు లేకుండా పూర్తిగా ఆనించండి. సందు ఉంటే పిల్లలు అందులోకి జారి ఇరుక్కుంటారు. రెండో వైపు చిన్న రైల్ ఉంటే సరిపోతుంది. పెద్దల మంచానికి తగిలించే విడి రైళ్లు మాత్రం రెండేళ్లలోపు పిల్లలకు వాడకండి. పరుపుకీ రైలుకీ మధ్య ఇరుక్కునే ప్రమాదం ఉంది. మంచం కిటికీ కింద వేయకండి. గ్రిల్ ఉన్నా సరే, మంచం ఎక్కితే గ్రిల్ ఎక్కడం సులువవుతుంది, కర్టెన్ తాళ్లు చేతికందుతాయి. తల ఏ దిక్కుకు పెట్టాలో నాయనమ్మ చెబుతారు. ఆ మాట తీసేయనక్కర్లేదు. దిక్కు, కిటికీ రెండూ కుదిరే గోడ వెతకండి. సాధారణంగా ఒకటి దొరుకుతుంది.

బంక్ బెడ్ గురించి

ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో ఇంటీరియర్ డిజైనర్ ముందుగా చూపించే బొమ్మ బంక్ బెడ్. స్థలం కలిసొస్తుందన్నది నిజమే. ఫొటోలో బాగుంటుందన్నదీ నిజమే. కానీ ఆరేళ్లలోపు పిల్లలను పై బెర్త్‌లో పడుకోబెట్టకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఎప్పటి నుంచో చెబుతోంది. అక్కడి నిబంధనల ప్రకారం పై బెర్త్ రైల్ పరుపు కంటే కనీసం 5 అంగుళాలు ఎత్తుగా ఉండాలి. మనం చేసే పనేమిటంటే, ఐదంగుళాల పరుపు కోసం చేసిన బెర్త్ మీద మెత్తగా ఉంటుందని ఎనిమిది అంగుళాల పరుపు వేస్తాం. రైల్ ఎత్తులో మూడంగుళాలు అక్కడే పోతాయి. రైల్ కంటికి కనిపిస్తుంది గానీ ఆపదు.

మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. విదేశీ కేటలాగుల్లో అది కనిపించదు. సీలింగ్ ఫ్యాన్. లెక్క వేసి చూడండి. ఫ్లాట్‌లో ఫ్లోర్ నుంచి శ్లాబ్‌కు పది అడుగులనుకుందాం. ఫ్యాన్ రెక్కలు తొమ్మిది అడుగుల దగ్గర తిరుగుతాయి. ఫాల్స్ సీలింగ్ చేయిస్తే ఇంకా కిందికి వస్తాయి. పై బెర్త్ పరుపు ఐదు అడుగుల దగ్గర ఉంటుంది. ఆరేళ్ల పిల్లాడి ఎత్తు సుమారు మూడుముప్పావు అడుగులు. వాడు పరుపు మీద నిలబడితే తల ఎనిమిదిముప్పావు అడుగుల దగ్గర ఉంటుంది. చెయ్యెత్తితే ఎక్కడుంటుందో నేను చెప్పక్కర్లేదు. మంచం ఫ్యాన్ కింద లేకపోయినా, రెక్కల చుట్టుకొలతకు చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉండాలి. పదకొండు అడుగుల గదిలో అది కుదరడం కష్టం.

ఇద్దరికీ ఒకే గది అయితే కింద నుంచి లాగే రెండో మంచం చూడండి. పగలు ఒక మంచం కిందికి రెండోది వెళ్లిపోతుంది, ఆడుకునే నేల మిగులుతుంది. ఊరి నుంచి అమ్మమ్మ వచ్చినా అదే మంచం పనికొస్తుంది. అంత ఎత్తు ఎక్కనక్కర్లేదు కాబట్టి ఆమె మోకాళ్లకూ మంచిదే.

పైకి లేచే మంచం, మూత పడే పెట్టె

పరుపుతో సహా పైకి లేచే హైడ్రాలిక్ బాక్స్ బెడ్ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. రజాయిలు, సూట్‌కేసులు, దసరా బొమ్మల పెట్టె, అన్నీ అందులోకే. పెద్దల గదిలో ఉంటే ఉండనివ్వండి. పిల్లల గదిలో వద్దు. ఆ పలకను పైన నిలబెట్టేది రెండు గ్యాస్ రాడ్లు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి పట్టు తగ్గుతుంది. పరుపు బరువుతో పలక కిందికి వచ్చే వేళ లోపల చెయ్యి ఉన్నా, తల ఉన్నా ఏమవుతుందో ఊహించండి. దాగుడుమూతల వయసులో ఆ పెట్టె వాళ్లకు మంచి చోటులా కనిపిస్తుంది. ఇప్పటికే చేయించి ఉంటే, పిల్లలకు తెరవరాని తాళం లేదా గొళ్లెం వేయించండి. ఏడాదికోసారి రాడ్లు పరీక్ష చేయించండి.

బరువైన మూత ఉన్న బొమ్మల పెట్టెల సంగతీ అంతే. తాతయ్యల కాలం భోషాణం ఇంట్లో ఉంటే అందంగా ఉంటుంది, పిల్లల బొమ్మలు వేయడానికి మాత్రం కాదు. పెట్టె తప్పనిసరి అనుకుంటే మూత తీసేయించండి. లేదా ఎక్కడ వదిలితే అక్కడే ఆగే మూత, గాలి ఆడే రంధ్రాలు ఉన్నది చూసుకోండి. మంచం కింద స్టోరేజ్ కావాలంటే పక్కకు లాగే రెండు సొరుగులు చాలు. పూర్తిగా బయటకు ఊడి రాకుండా స్టాపర్ ఉందో లేదో చూడండి.

బీరువా, అలమరా గోడకు బిగించారా?

ఈ వ్యాసంలో మీరు ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇది చేయండి.

సొరుగులున్న ఛెస్ట్‌ను పిల్లలు ఎలా వాడతారో తెలుసు కదా. కింది సొరుగు లాగి దాని మీద నిలబడతారు. రెండోది లాగి ఇంకో మెట్టెక్కుతారు. వాళ్ల దృష్టిలో అవి మెట్లే. సొరుగులన్నీ ముందుకు వచ్చాక బరువంతా ముందుకే వస్తుంది, మొత్తం ఛెస్ట్ మీదికి ఒరుగుతుంది. ఇలా పిల్లలు చనిపోయిన ఘటనల తర్వాత 2016లో అమెరికాలో ఒక పెద్ద ఫర్నిచర్ సంస్థ సుమారు 2.9 కోట్ల ఛెస్ట్‌లను, డ్రెస్సర్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. 2022 చివర్లో అక్కడ దీనికోసం ప్రత్యేక చట్టమే తెచ్చారు. 2023 సెప్టెంబర్ నుంచి అక్కడ తయారయ్యే ఇలాంటి ఫర్నిచర్ తేలిగ్గా ఒరగకుండా ఉండాలన్న నిబంధన అమల్లో ఉంది.

మన ఇళ్లలో దీనికి తోడు స్టీలు బీరువా. పెద్దల గదిలో చోటు లేక పాత బీరువాను పిల్లల గదిలోకి తోసేయడం మామూలే. నాలుగు కాళ్ల కింద నాలుగు అట్టముక్కలు, పైన రెండు సూట్‌కేసులు. తలుపు హ్యాండిల్ పట్టుకుని పిల్లాడు ఊగితే చాలు. విడిగా నిలబడే పుస్తకాల ర్యాక్, టీవీ స్టాండ్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

పరిష్కారం పెద్ద ఖర్చు కాదు. వెనకవైపు పైభాగాన రెండు ఎల్ క్లాంపులు, గోడలో ప్లగ్గులు, స్క్రూలు. కార్పెంటర్‌కు అరగంట పని. మీ గోడ ఇటుకా, తేలిక బ్లాకులా, జిప్సం పార్టిషనా అన్నది ముందే చెప్పండి, దాన్నిబట్టి ప్లగ్గు మారుతుంది. ఉత్త జిప్సం బోర్డు మీద బిగిస్తే ఆగదు. అద్దె ఇల్లు, ఓనర్ ఒప్పుకోరు అంటారా? ఖాళీ చేసేటప్పుడు నాలుగు రంధ్రాలకు పుట్టీ పెట్టి రంగు వేయిస్తామని చెప్పండి. పిల్లల సంగతి చెబితే కాదనేవారు తక్కువ. అప్పటికీ ఒప్పుకోకపోతే ఎత్తయిన బీరువాను ఆ గదిలోంచి తీసేసి, పిల్లల నడుం ఎత్తున్న అరలతో సరిపెట్టండి.

ఇంకో చిన్న జాగ్రత్త. పిల్లలకు ఇష్టమైనవి, అంటే చాక్లెట్ డబ్బా, టీవీ రిమోట్, దాచిన ఫోన్, పై అరలో కనిపించేలా పెట్టకండి. పైకెక్కమని మనమే పిలిచినట్టవుతుంది. ఎప్పుడూ బరువైనవి కింద, తేలికైనవి పైన.

ఏవి అందాలి, ఎన్ని అందాలి?

ఫ్లోర్ నుంచి సీలింగ్ దాకా వార్డ్‌రోబ్ చేయించినా ఫర్వాలేదు. దాన్ని రెండుగా విడగొట్టి ఆలోచించండి. పై భాగం మీది. సీజన్ కాని బట్టలు, పెద్దయ్యాక వేసుకునేవి, పాత స్కూలు పుస్తకాలు అక్కడ పెట్టుకోండి. మూడు, మూడున్నర అడుగుల లోపు భాగం పిల్లలది. ఆ భాగంలో ఒక రాడ్, రెండు అరలు, రెండు మూడు డబ్బాలు. రాడ్‌కు వారానికి సరిపడా యూనిఫాం, నాలుగు జతల ఇంటి బట్టలు ఉంటే చాలు. ముప్పై డ్రెస్సులు కిక్కిరిసి ఉంటే ఒకటి లాగితే ఆరు కిందపడతాయి. అప్పుడు మళ్లీ మనమే సర్దాలి. పిల్లలు పెరిగేకొద్దీ రాడ్‌ను పైకి జరపడానికి వీలుగా పక్క పలకలకు ముందే రంధ్రాలు పెట్టించండి. అరలకూ అంతే.

తలుపు వెనక రెండు కొక్కేలు, వాళ్ల భుజం ఎత్తులో. ఒకటి స్కూల్ బ్యాగుకు, ఒకటి ఐడీ కార్డుకు, బెల్టుకు. మన పాత ఇళ్లలో గోడకు చిలక్కొయ్యలుండేవి, గోడలో గూళ్లుండేవి. చిన్నపిల్లలు కూడా వాటిలో తమ సామాను పెట్టుకునేవారు. అదే పని ఇప్పుడు రెండు కొక్కేలు చేస్తాయి. పొద్దున ఏడింటికి బస్సు కోసం పరుగెత్తే ఇంట్లో బెల్టు ఎక్కడుందో పిల్లలకే తెలిస్తే ఎంత హాయో మీకు తెలుసు.

బొమ్మలు అన్నీ ఒకేసారి బయట ఉంచకండి. ఎనిమిదో పదో చాలు. మిగతావి పై అరలో పెట్టి నెలకోసారి మార్చండి. పాత బొమ్మే కొత్తగా కనిపిస్తుంది. ఒక్కో రకానికి ఒక్కో మూతలేని ప్లాస్టిక్ టబ్. చదవడం రాని పిల్లలకు టబ్ మీద అక్షరాల బదులు ఫొటో అంటించండి. బ్లాకుల టబ్‌కు బ్లాకుల ఫొటో, కార్ల టబ్‌కు కారు ఫొటో. క్లాసులో మేం చేసేది ఇదే. కథల పుస్తకాలు వెన్ను కనిపించేలా కాకుండా అట్ట కనిపించేలా నిలబెట్టండి. అట్ట కనిపిస్తే చేతిలోకి తీసుకుంటారు.

తెరిచి ఉన్న అరల్లో దుమ్ము పడుతుందన్న ఫిర్యాదు నిజమే. హైదరాబాద్, విజయవాడ రోడ్ల పక్కన ఉన్న ఫ్లాట్లలో మరీను. అరకు తలుపు బదులు ఒక నూలు గుడ్డ తెర వేలాడదీయండి. వారానికోసారి తుడిచే పని పిల్లలకే ఇవ్వండి. చిన్న తడిగుడ్డ ఇస్తే వాళ్లకు అదీ ఆటే.

చెక్క, రంగు, వాసన

పిల్లల మంచానికి ఘనమైన చెక్క మంచిదే. టేకే కానక్కర్లేదు, బాగా ఎండిన వేప, మద్ది కూడా గట్టివే. ప్లైవుడ్ అయితే తడి తగలని పనికి ఐఎస్ 303, బాత్రూమ్ గోడ పక్కన వచ్చే వార్డ్‌రోబ్‌కు ఐఎస్ 710 ముద్ర అడగండి. పార్టికల్ బోర్డు చవక. కానీ విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల తేమలో త్వరగా ఉబ్బుతుంది, స్క్రూ పట్టు వదిలేస్తుంది. మంచం లాంటి బరువు మోసే వస్తువుకు అది వద్దు.

కొత్త బోర్డు నుంచి వచ్చే ఘాటు వాసనలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఈ-1 లేదా ఈ-0 అని రాసి ఉన్న బోర్డు అడగండి. పని పూర్తయ్యాక కనీసం కొన్ని వారాలు కిటికీలు తెరిచి ఉంచి, వాసన పోయాకే పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టండి. గృహప్రవేశం ముహూర్తానికి పెయింట్ ఆరీ ఆరకముందే పిల్లల గది తలుపులు మూసి ఏసీ వేయడం మంచిది కాదు. రంగు విషయానికొస్తే, మన దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి. కాబట్టి మంచానికి వేసే రంగు లేబుల్ ఉన్న డబ్బాలోంచి తీసినదే కావాలని పెయింటర్‌తో చెప్పండి. ఈ వయసు పిల్లలు మంచం రైల్‌ను కొరుకుతారు. కొరకరని అనుకోకండి.

స్టడీ టేబుల్ ఇప్పుడే ఎందుకు?

స్కూల్ పత్రికలో ఈ మాట రాయడం కొందరికి వింతగా అనిపించవచ్చు. నాలుగేళ్ల బిడ్డ గదిలో స్టడీ యూనిట్ అవసరం లేదు. కింద టేబుల్, పైన మంచం, పక్కన బుక్ ర్యాక్ కలిసి ఉండే పెద్ద యూనిట్ గదిలో సగం నేల మింగేస్తుంది. ఆ నేలే ఈ వయసులో వాళ్ల టేబుల్. బ్లాకులు పేర్చేది, బొమ్మ గీసేది, బోర్లా పడుకుని పుస్తకం తిప్పేది అక్కడే. పీపీ పిల్లలకు మేం పంపే చిన్న వర్క్‌షీటుకు ఒక పొట్టి పీట చాలు. అసలైన టేబుల్, కుర్చీ రెండో మూడో తరగతిలో, అప్పటి వాళ్ల ఎత్తు చూసి కొనండి. ఇప్పుడు పద్నాలుగేళ్ల పిల్లలకు సరిపోయే కుర్చీ కొంటే కాళ్లు గాలిలో వేలాడుతూ ఎవరూ పది నిమిషాలు కుదురుగా కూర్చోలేరు. తర్వాత “కాన్సంట్రేషన్ లేదు” అని మా దగ్గరకే వస్తారు.

“పెరిగే పిల్లలు కదా!”

దీనికి ఎదురువాదన నాకు తెలుసు. “పిల్లలు పెరుగుతారు. ఇప్పుడు చిన్నది చేయిస్తే మళ్లీ ఐదేళ్లకు ఇంకోటి చేయించాలి. ఈఎంఐల మధ్య అంత ఎక్కడిది? ఒకేసారి పెద్దది చేయిస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు.” మధ్యతరగతి ఇంట్లో ఇది న్యాయమైన మాట. దీన్ని కొట్టిపారేయలేం.

కానీ పైన చెప్పినవాటిలో చాలావరకు పారేసేవి కావు, మార్చుకునేవి. కాళ్లు మార్చే సింగిల్ కాట్ కాలేజీ దాకా వస్తుంది. జరిపే రాడ్, జరిపే అరలు వార్డ్‌రోబ్‌తో పాటే పెరుగుతాయి. ప్లాస్టిక్ టబ్బులు రేపు వంటింట్లో ఉల్లిపాయలకు పనికొస్తాయి. మీ కార్పెంటర్‌నే రెండు కొటేషన్లు అడగండి. ఒకటి బంక్ బెడ్, స్టడీ యూనిట్, థీమ్ ప్యానెల్‌తో. ఇంకోటి సాదా మంచం, మంచి పరుపు, జరిపే అరలు, క్లాంపులతో. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మిగిలితే పరుపు మీద పెట్టండి, వీపుకు తగిలేది అదే. అసలు కోల్పోకూడనిది ఈ మూడు నుంచి ఏడేళ్ల కాలం. నా పని నేను చేసుకోగలను అన్న నమ్మకం అప్పుడే వస్తుంది. గది పదేళ్ల తర్వాతి పిల్లల కోసం కడితే ఈ నాలుగేళ్లూ ఎదురుచూపులోనే గడిచిపోతాయి.

విడిగా పడుకోవాల్సిందేనా?

ఆఖరుగా ఒక మాట. మంచం కొన్నంత మాత్రాన పిల్లలు ఆ రాత్రి నుంచే విడిగా పడుకోవాలని లేదు. మన ఇళ్లలో పిల్లలు అమ్మానాన్నల మధ్యో, నాయనమ్మ పక్కనో కథ వింటూ నిద్రపోతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పక్కింటి పాప మూడేళ్లకే ఒంటరిగా పడుకుంటోందని మీ పాపను పోల్చకండి. ముందు పగటి నిద్ర కొత్త మంచం మీద. తర్వాత రాత్రి కథ అక్కడ. నిద్రపోయేదాకా పక్కన కూర్చోవడం. మధ్యరాత్రి లేచి మీ గదిలోకి వస్తే తిట్టకుండా రానివ్వడం. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి ఏడాది. తక్కువ ఎత్తు మంచం అయితే అమ్మ కూడా పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకోవచ్చు. బంక్ బెడ్ నిచ్చెన మీద నిలబడి అది కుదరదు.

ఆర్డర్ ఇవ్వడానికి ముందు ఈ ఆదివారం ఒక పని చేయండి. పిల్లల గదిలో మోకాళ్ల మీద కూర్చోండి. అప్పుడు మీ కళ్లు దాదాపు వాళ్ల కళ్ల ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి ఏం కనిపిస్తోంది, ఏం అందుతోంది, ఏది లాగితే మీదికి వస్తుంది, చూడండి. మీ బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకుని “నీ చొక్కా ఎక్కడుంటే నువ్వే తీసుకోగలవు?” అని అడగండి. వాడు చెయ్యి చాపి గోడ మీద చూపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, కార్పెంటర్ వచ్చినప్పుడు ఆ గీత చూపించండి. అలమరా క్లాంపుల పని మాత్రం ఆర్డర్ దాకా ఆపకండి. అది ఈ వారంలోనే అయిపోవాలి.